రాళ్లేరిన తల్లుల పేర్లు ఏ పుస్తకంలో ఉన్నాయి?

అమెరికాలో 1862లో హోమ్‌స్టెడ్ చట్టం వచ్చింది. బీడు భూమిలో గుడిసె వేసుకుని ఐదేళ్లు సాగు చేసినవాళ్లకు 160 ఎకరాల దాకా సొంతమయ్యేది. అయోవా, నెబ్రాస్కా పల్లెల్లో ఆ నేలను లొంగదీసిన తల్లుల ఉత్తరాలనూ డైరీలనూ అక్కడివాళ్లు భద్రంగా దాచుకున్నారు. పిల్లల్ని ఎలా సాకారో, ఆదివారం బండి కట్టుకుని ఎంత దూరం చర్చికి పోయారో చదువుకుంటారు. మంచి పని. అలాంటి తల్లులు మా బిట్రగుంట పక్కన కప్పరాళ్లతిప్పలోనూ ఉన్నారు. మా అమ్మను కన్నతల్లి, మేమంతా అవ్వ అని పిలిచే మనిషి, వాళ్లలో ఒకతె. ఆమె తరం గురించి ప్రభుత్వం రాసుకున్నదల్లా వేలిముద్రలూ హాజరు పట్టీలూ.

అవ్వ వాళ్లది ఎరుకల కులం. వాళ్ల పెద్దలు గాడిదల మీద, ఎద్దుల మీద కోస్తా ఉప్పు మూటలు వేసుకుని మెట్ట ఊళ్లకు పోయేవాళ్లు, ధాన్యం మార్చుకుని వచ్చేవాళ్లు. దారిలో ఆడవాళ్లు బుట్టలల్లేవాళ్లు, ఎరుక చెప్పేవాళ్లు. ఉప్పు మీద సర్కారు పెత్తనం బిగిసింది. అడవి చట్టాలొచ్చి వెదురుకు, మేతకు అడ్డం పడ్డాయి. ఆపైన రైలు వచ్చి మూటల వ్యాపారాన్నే లాక్కుపోయింది. బిట్రగుంటలో ఆవిరి ఇంజిన్ల షెడ్డు వైభవం గురించి మేమింకా గొప్పగా చెప్పుకుంటాం, నాకూ ఆ గర్వం ఉంది. కానీ ఆ పట్టాలు ఎవరి బతుకును దారి తప్పించాయో కూడా మా పిల్లలకు చెప్పాలి.

తిరిగే బతుకు చెడినవాళ్లను ఆదుకోవలసిన ప్రభుత్వం వాళ్ల మీద నేరస్థ జాతుల చట్టం పెట్టింది. 1871లో ఉత్తరాదిన మొదలైన ఆ చట్టం 1911లో కొత్త రూపంలో మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. ఒక మనిషి చేసిన తప్పుకు కాదు, పుట్టిన కులానికే శిక్ష. వేలిముద్రలివ్వాలి, హాజరు పలకాలి, పొలిమేర దాటాలంటే పాసు కావాలి. పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి వేరుచేసి బడుల్లో పెట్టే అధికారం కూడా ఆ చట్టంలో ఉంది. ఇలా ముద్ర వేసిన కులాలను కట్టడి చేసి ఉంచే సెటిల్మెంట్లు వెలిశాయి. స్టూవర్టుపురం సెటిల్మెంటు సాల్వేషన్ ఆర్మీ చేతికి పోయింది. కావలిది అమెరికన్ బాప్టిస్టు మిషన్ చూసింది, అక్కడ బౌడెన్ దొర ఏళ్ల తరబడి పనిచేశాడు.

అవ్వ పుట్టడమే ఆ కట్టడిలో పుట్టింది. బడి ముఖం చూడలేదు. పెళ్లయి వచ్చిన కప్పరాళ్లతిప్ప సెటిల్మెంటులో నేల నిండా రాళ్లు. పొద్దున గంజి తాగి గంప ఎత్తుకుని రాళ్లేరేది. ఏరిన రాళ్లు గట్టుకేసేది. మళ్లీ వాన పడితే లోపలివి పైకి తేలేవి, మళ్లీ ఏరేది. సందేళ ఈత బరికెలతో బుట్టలల్లేది. నలుగురు బిడ్డల్ని కని ఒకర్ని జ్వరానికి పోగొట్టుకుంది. ఆ బిడ్డ జబ్బుపడినప్పుడు పుట్టింటికి పోవడానికి పాసు అడిగితే రెండు రోజులు తిప్పారంట. ఆ సంగతి చెప్పేటప్పుడు మాత్రం అవ్వ గొంతు గట్టిపడేది. "బిడ్డకు జ్వరమొస్తే అమ్మ దగ్గరికి పోవడానికి ఎవుర్ని అడగాలమ్మే?" అనేది.

ఆదివారం చర్చికి పోయేది. హాజరు పిలుపు ఉన్న చోట గుడి గంట కూడా ఆజ్ఞలాగే వినపడి ఉంటుంది, ఆ మాట నేను దాచను. ఆశ చూపి, భయపెట్టి మతంలో కలిపారని తేల్చేసేవాళ్లు మాత్రం అవ్వను చూడలేదు. మద్రాసు ప్రభుత్వం 1947లో నేరస్థ జాతుల చట్టాన్ని రద్దు చేసింది. అప్పటికి మా అమ్మ చంకబిడ్డ. హాజరు పోయింది, పాసు పోయింది, చర్చికి రమ్మని అడిగే దొర కూడా లేడు. అవ్వ మానలేదు. అన్నం వండిన ప్రతిసారీ ఎసట్లో పోసే బియ్యంలోంచి పిడికెడు తీసి దేవుడి కుండలో వేసేది, మాకు చాలకపోయినా సరే. అక్షరం రాకపోయినా క్రైస్తవ కీర్తనలు చరణాలతో సహా పాడేది. పురుడొచ్చిన ఇంటికి, చావొచ్చిన ఇంటికి పిలవకుండానే పోయి ప్రార్థన చేసి, అంట్లు తోమి వచ్చేది. ఆ విశ్వాసం ఆమె సొంత కష్టార్జితం. దాన్ని ఆమె దగ్గర్నుంచి లాక్కుని మిషనుకో ప్రభుత్వానికో కట్టబెట్టడం అన్యాయం.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఎరుకలవాళ్లు గిరిజనుల జాబితాలో ఉన్నారు కాబట్టి చర్చికి పోయినా ఆ హోదా పోదు. మాల మాదిగ తల్లులకు ఆ భాగ్యం లేదు, 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైతే ఎస్సీ హోదా పోతుంది. పక్క పక్క బెంచీల మీద కూర్చుని ఒకే కీర్తన పాడే ఇద్దరిలో ఒకామె కాగితం మీద తన దేవుణ్ణి దాచుకోవాలి. అది కూడా మారాలి.

ఇప్పటికీ సెటిల్మెంటు అనగానే జనానికి దొంగల కథలే కావాలి. సినిమాలూ అవే తీస్తారు. నేను టీచరుగా చేరిన కొత్తలో స్టాఫ్ రూములో ఒక పర్సు కనపడకపోతే అందరి కళ్లూ ముందు నా వైపు తిరిగాయి. నా ఊరు పేరే అందుకు కారణం. ఒక్క దొంగ గురించి పది కథలు చెప్పుకున్న మనం, రాళ్లేరి పొలాలు చేసిన తల్లుల గురించి ఒక్కటన్నా చెప్పుకున్నామా?

అందుకే మూడు పనులు అడుగుతున్నాను. సెటిల్మెంటు నాటి రిజిస్టర్లు ఏ దఫ్తరంలో ఉన్నా ఆ కుటుంబాల వారసులకు చూపించాలి. వేలిముద్ర పక్కన ఏ పేరు ఉందో తెలుసుకునే హక్కు మాకుంది. ఆ తల్లులు చదును చేసిన నేలలో పట్టా లేని కుటుంబాలు ఎక్కడున్నా, ఇంటి ఆడమనిషి పేరున పట్టా రాయాలి. కావలి, బిట్రగుంట చర్చి సంఘాల పెద్దలు పాస్టర్ల పేర్లు, దొరల పేర్లు చెక్కించిన గోడల మీద సంఘాన్ని పిడికెడు బియ్యంతో నిలబెట్టిన ఆడవాళ్ల పేర్లు కూడా చెక్కించాలి. ఆ పేర్లు తెలిసిన ముసలివాళ్లు కప్పరాళ్లతిప్పలో ఇంకా కొందరున్నారు. వాళ్ల దగ్గర కూర్చుని రాసే పని నాకప్పగిస్తే వచ్చే ఆదివారం నుంచే మొదలుపెడతాను.