చమురు ధర మీద ఎవరి చేయి?

సముద్రగర్భంలోని చమురును వెలికితీసేందుకు జాతీయ కార్యక్రమం చేపడుతున్నామని 2025 ఆగస్టు 15న ప్రధానమంత్రి ఎర్రకోట మీది నుండి ప్రకటించారు. దానికి 'సముద్ర మంథన్' అని పేరు పెట్టారు. అప్పటి నుండి మా ఆత్మకూరు టీకొట్ల దగ్గర ఒక వాదం జోరుగా నడుస్తున్నది. మన చమురు మనమే తవ్వుకుంటే పెట్రోలు సగం ధరకు వస్తుందట, అరబ్బుల పెత్తనం పోతుందట. ఈ రెండో మాట అనేటప్పుడు కొందరి చూపులు అక్కడ కూర్చున్న టోపీవాళ్ళ వైపు తిరుగుతాయి. చమురు ధర పెంచింది వీరేనన్నట్టు!

ముందుగా ఈ అరబ్బుల సంగతి తేల్చుకుందాం. ఇరాక్, సౌదీల నుండి మనకు చమురు వస్తున్నమాట నిజమే. కానీ 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలైన తర్వాత మన దేశానికి అత్యధికంగా ముడిచమురు అమ్ముతున్న దేశం రష్యా. తక్కువ ధరకు దొరుకుతున్నదనే కొన్నారు. ఆ తగ్గింపు ఆత్మకూరు బంకు దాకా ఎందుకు రాలేదని అడగవలసినవారు అడగరు. ఇక గల్ఫ్‌తో పాలమూరు ముస్లింలకున్న సంబంధమంతా అక్కడికి డ్రైవర్లుగా, కూలీలుగా వెళ్ళి చెమటోడ్చడమే. ఆ బావుల్లో వారికి చుక్క వాటా కూడా లేదు.

ధర గురించి మాట్లాడాలంటే లెక్క చూడాలి. ప్రభుత్వ కార్యాలయంలో దశాబ్దాల తరబడి చలానాలు, పద్దులు రాసినవాడిని కనుక నాకు ముందుగా కనిపించేది పన్ను కాలమే. 2014లో కేంద్ర ప్రభుత్వం లీటరు పెట్రోలు మీద వసూలు చేసిన ఎక్సైజు సుంకం 9 రూపాయల 48 పైసలు. డీజిలు మీద 3 రూపాయల 56 పైసలు. 2020 వసంతంలో కరోనా వల్ల ప్రపంచమంతా స్తంభించి ముడిచమురు ధర పాతాళానికి పడిపోయింది. ఆ లాభం ప్రజలకు దక్కాలి కదా? మార్చిలో లీటరుకు 3 రూపాయలు, మే నెలలో పెట్రోలుకు మరో 10, డీజిలుకు 13 రూపాయలు సుంకం పెంచి ప్రభుత్వం దానిని తన ఖజానాలో వేసుకున్నది. పెట్రోలు మీద సుంకం 32 రూపాయల 98 పైసలకు చేరింది. వలస కూలీలు రోడ్ల వెంట నడిచి ఇళ్ళకు చేరుతున్న రోజులవి.

కేంద్రానికి పెట్రోలియం ఎక్సైజు రాబడి 2014-15లో సుమారు 99 వేల కోట్ల రూపాయలు. 2020-21లో అది సుమారు 3 లక్షల 73 వేల కోట్లు. గత ప్రభుత్వం జారీ చేసిన ఆయిల్ బాండ్ల అప్పు తీర్చవలసి ఉన్నందునే సుంకం తగ్గించలేకపోతున్నామని 2021 ఆగస్టులో ఆర్థికమంత్రి సెలవిచ్చారు. ఆ బాండ్ల మీద ఏటా కట్టే వడ్డీ 10 వేల కోట్లు మించదు. పది వేల అప్పు చూపించి నాలుగు లక్షలకు దగ్గరగా వసూలు చేసే షావుకారును మనం ఏమని పిలుస్తాం?

తర్వాత 2021 నవంబరులోనూ 2022 మేలోనూ సుంకం తగ్గించిన మాట వాస్తవం. పెట్రోలు మీద 19 రూపాయల 90 పైసలకు దిగింది. అయితే దిగినచోట నిలవలేదు. 2025 ఏప్రిల్‌లో ముడిచమురు ధర మళ్ళీ పడిపోగానే లీటరుకు 2 రూపాయలు పెంచారు. బంకులో ధర మారలేదు కనుక ఇది పెంపు కాదన్నారు. తగ్గవలసిన ధరను తగ్గనీయకుండా పట్టుకోవడాన్ని పెంపు అనక ఏమంటారు? అదే రోజున వంటగ్యాసు సిలిండరు మీద 50 రూపాయలు వడ్డించారు, ఉజ్వల లబ్ధిదారులను కూడా వదలలేదు. 2022 జూన్‌లో మనం కొనే ముడిచమురు పీపా 116 డాలర్లు, హైదరాబాదులో పెట్రోలు 109 రూపాయల 66 పైసలు. 2025 మే నాటికి పీపా 65 డాలర్ల సమీపానికి వచ్చింది, పెట్రోలు మాత్రం 107 రూపాయల పైనే. రూపాయి విలువ పడిపోయిందన్న సాకును ఒప్పుకున్నా ఈ లెక్క కుదరదు. ఈ మధ్యకాలంలో 2023-24 ఒక్క సంవత్సరంలోనే మూడు ప్రభుత్వరంగ చమురు కంపెనీలు కలిసి సుమారు 81 వేల కోట్ల లాభం చూపాయి.

ఇందులో ఇంకొక మెలిక ఉన్నది. 2025లో కేంద్రం పెట్రోలు మీద తీసుకున్న 21 రూపాయల 90 పైసలలో రాష్ట్రాలతో పంచుకునే ప్రాథమిక సుంకం 1 రూపాయి 40 పైసలు మాత్రమే. మిగిలినదంతా ప్రత్యేక అదనపు సుంకం, సెస్సుల పేరిట ఉండేది. సెస్సులో రాష్ట్రానికి వాటా ఉండదని ఏ ట్రెజరీ గుమాస్తాను అడిగినా చెబుతాడు.

అలాగని రాష్ట్రం చేతులు శుభ్రంగా ఉన్నాయని కాదు. తెలంగాణలో పెట్రోలు మీద వ్యాట్ 35.2 శాతం, డీజిలు మీద 27 శాతం. 2015లో పెంచిన రేటు ఇది. 2021 నవంబరులో పలు రాష్ట్రాలు వ్యాట్ తగ్గించినా నాటి ముఖ్యమంత్రి ససేమిరా అన్నారు. ప్రభుత్వం మారింది, రేటు మారలేదు. మా ఆత్మకూరు నుండి మక్తల్ మీదుగా కృష్ణానది దాటితే రాయచూరు. అక్కడ పెట్రోలు పన్ను 29.84 శాతం, డీజిలుకు 21.17 శాతం. నది ఈవలి గట్టున ఒక ధర, ఆవలి గట్టున మరొక ధర. చమురు అదే, కంపెనీలు అవే. ధర ఎక్కడ తయారవుతున్నదో తెలుసుకోవడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు.

ఈ భారం ఎవరి మీద పడుతున్నది? ముస్లిం పురుష కార్మికులలో 12 శాతానికి పైగా వీధి వ్యాపారంలో ఉన్నారని, జాతీయ సగటు 8 శాతం కంటే తక్కువని సచార్ కమిటీ 2006లోనే చెప్పింది. జీతం వచ్చే ఉద్యోగం మనవాళ్ళలో తక్కువ, సొంత చేతిపని ఎక్కువ. ఆత్మకూరు, అమరచింత, కొత్తకోట రోడ్ల మీద ఆటో నడిపేవారు, మోపెడ్ మీద గాజులు, బట్టలు పెట్టుకొని ఊరూరా తిరిగేవారు, పాత ఇనుము ఏరుకొనేవారు, ట్రాలీ ఆటోలో పండ్లు తెచ్చి అమ్మేవారు ఎవరో మనకు తెలుసు. కారు ఉన్న ఆసామీ లీటరుకు ఎంత పన్ను కడతాడో వీరూ అంతే కడతారు.

ఒక డీజిలు ఆటో రోజుకు 5 లీటర్లు తాగుతుందనుకుందాం. 2025 నాటి రేటు ప్రకారం లీటరు డీజిలులో కేంద్రానికి 17 రూపాయల 80 పైసలు, రాష్ట్రానికి సుమారు 20 రూపాయలు, మొత్తం 38. అంటే రోజుకు 190 రూపాయలు. నెలకు 25 రోజులు బండి తీస్తే 4,750. ఏడాదికి 57 వేల రూపాయలు! ఆదాయపు పన్ను కట్టనివాడని, ఉచితాల మీద బతుకుతున్నాడని ఎవరిని చిన్నచూపు చూస్తున్నామో ఆ మనిషి కట్టే పన్ను ఇది. మహిళలకు బస్సు ప్రయాణం ఉచితం చేయడం మంచి పనే, మన ఆడపిల్లలు కాలేజీలకు పోతున్నారు. కానీ దానివల్ల గిరాకీ పోయిన ఆటోడ్రైవర్లకు ఏటా 12 వేలు ఇస్తామని ఎన్నికల ప్రణాళికలో రాసినవారు ఆ మాట నిలుపుకోవాలి. వారడుగుతున్నది తాము కట్టిన 57 వేలలో ఐదో వంతు కంటే కొంచెం ఎక్కువ, అంతే.

ఆ డ్రైవరు బిడ్డకు ఏమి దక్కింది? ఒకటి నుండి ఎనిమిది తరగతుల మైనారిటీ పిల్లలకు ఇచ్చే ప్రీమెట్రిక్ స్కాలర్‌షిప్‌ను 2022లో కేంద్రం నిలిపివేసింది. అదే ఏడాది డిసెంబరులో మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను కూడా రద్దు చేసింది. బంకు దగ్గర పన్ను వసూలు చేసేటప్పుడు అడ్డురాని మతం స్కాలర్‌షిప్ దగ్గరికి వచ్చేసరికి ఎలా గుర్తుకొస్తుందో పాలకులే చెప్పాలి.

ఇక తవ్వకాల సంగతి. దిగుమతుల మీద ఆధారపడటాన్ని 2022 నాటికి పది శాతం తగ్గిస్తామని 2015లోనే ప్రధాని ప్రకటించారు. అప్పుడు మన అవసరాలలో సుమారు 77 శాతం దిగుమతి. ఇప్పుడు 88 శాతం. దేశంలో ముడిచమురు ఉత్పత్తి 2013-14లో 3 కోట్ల 78 లక్షల టన్నులు కాగా, 2023-24లో 2 కోట్ల 94 లక్షల టన్నులు. సరే, రేపు నిజంగానే బంగాళాఖాతంలో చమురు పొంగిందనుకుందాం. ధర తగ్గుతుందా? మన దేశపు బావిలో తీసిన చమురును కూడా కంపెనీలు అంతర్జాతీయ ధరకే అమ్ముకుంటాయి. 2022లో ప్రపంచ ధర పెరిగినప్పుడు ఇక్కడి ఉత్పత్తిదారులకు అయాచిత లాభం వస్తున్నదని గుర్తించే కదా ప్రభుత్వం ఆ జూలైలో టన్నుకు 23,250 రూపాయల ప్రత్యేక పన్ను వేసింది? 2024 డిసెంబరులో దానిని ఎత్తివేసింది. వేసినప్పుడూ ఎత్తినప్పుడూ బంకు దగ్గర మనకు ఒరిగిందేమీ లేదు. కాకినాడ తీరానికి ఆవల కృష్ణా-గోదావరి లోతట్టు బ్లాకులో ఓఎన్‌జీసీ 2024 జనవరిలో చమురు తీయడం మొదలుపెట్టింది. ఆ తర్వాత తగ్గింది 2 రూపాయలు. అదీ మార్చిలో, లోక్‌సభ ఎన్నికల షెడ్యూలు వెలువడే ముందు!

తవ్వకం ఖరీదు ఎవరు చెల్లిస్తారో కోనసీమవారిని అడగాలి. 1995 జనవరి 8న పాశర్లపూడి బావిలో చెలరేగిన మంట రెండు నెలలకు పైగా ఆరలేదు. 2014 జూన్ 27న నగరం గ్రామంలో గెయిల్ గ్యాసు పైపులైను పేలి ఇరవై మందికి పైగా మాడిపోయారు. గ్యాసు వారి ఇళ్ళ కింద నుండి పోయింది, మంట వారి ఇళ్ళ మీద పడింది. మన ఉమ్మడి జిల్లాకూ ఈ బెదురు కొత్త కాదు. నల్లమలలో, అమ్రాబాద్ అడవిలో యురేనియం కోసం బోర్లు వేస్తామని వచ్చినప్పుడు చెంచులు, రైతులు, విద్యార్థులు కలిసి అడ్డుకున్నారు. 2019 సెప్టెంబరులో శాసనసభ వ్యతిరేక తీర్మానం చేసే దాకా విడిచిపెట్టలేదు. అప్పుడు ఆ నిరసనల్లో మన జమాత్‌లు, అంజుమన్‌లు ఎన్ని కనిపించాయి?

నా కోపం పాలకుల మీద మాత్రమే కాదు. ఇఫ్తార్ విందుకు మంత్రి వస్తే సంతోషపడతాం, షాదీఖానాకు నిధులు అడుగుతాం, ఖబరస్థాన్ ప్రహరీ అడుగుతాం. అవి అడగవలసినవే. డీజిలు మీద వ్యాట్ తగ్గించమని ఏ వినతిపత్రంలోనైనా రాశామా? అది అందరి సమస్య, మన సమస్య కాదనుకున్నాం. నీరు, పచ్చిక, నిప్పు ఈ మూడింటిలో ప్రజలందరికీ భాగం ఉన్నదని దైవప్రవక్త (సల్లం) బోధించారు. నిప్పు అంటే నేటి కాలంలో ఇంధనమే కదా. ఆ బోధను నమ్మే సమాజం ఇంధనం ప్రశ్నను ఇతరులకు వదిలిపెట్టి కూర్చోవడం నాకు మింగుడుపడదు.

కనుక రాష్ట్రాన్ని అడగవలసింది ఇది: పెట్రోలు, డీజిలు పన్నును కనీసం కర్ణాటక స్థాయికి దించాలి, ఆటోడ్రైవర్ల 12 వేలు విడుదల చేయాలి. కేంద్రాన్ని అడగవలసింది: సెస్సుల పేరిట వసూలు ఆపి, సుంకాన్ని 2014 నాటి స్థాయికి తేవాలి, బడిపిల్లల స్కాలర్‌షిప్‌ను పునరుద్ధరించాలి. వనపర్తి కలెక్టరేట్‌లో సోమవారం ప్రజావాణి జరుగుతుంది. హిందూ, ముస్లిం తేడా లేకుండా ఆటో యూనియన్లన్నీ కలిసి, ఒక్కో డ్రైవరు తన నెల డీజిలు బిల్లులను, వాటిలోని పన్ను లెక్కను కాగితం మీద రాసుకొని, సంతకం పెట్టి అక్కడ ఇవ్వాలి. అర్జీ రాయడం రానివారి అర్జీలు జుమా నమాజు తర్వాత మసీదు వరండాలోనే రాసిపెట్టవచ్చు. ఆ పనికి మొదటి కాగితం, కలం పట్టుకొని నేను సిద్ధంగా ఉన్నాను.