ఆర్టోస్ ఉందా అని అడిగేవాళ్లేరీ?

మొన్న మండపేటలో మా బంధువులింట పెళ్లి. భోజనాల దగ్గర కూల్‌డ్రింకులు ఇస్తున్నారు. బల్ల మీద అన్నీ విదేశీ కంపెనీల సీసాలే. "ఆర్టోస్ లేదా బాబూ?" అన్నాను. "పెళ్లిళ్లలో అది పెడితే చులకనగా చూస్తారండి" అన్నాడు పంచే కుర్రాడు. నాకు ముద్ద దిగలేదు. ఆ డ్రింకు పుట్టిన రామచంద్రపురం అక్కడికి కూతవేటు దూరం.

అద్దూరి రామచంద్రరాజు గారు అక్కడ 1919లో మొదలుపెట్టిన వ్యాపారం అది. ఎ.ఆర్. రాజు టానిక్స్ అన్న పేరే పొట్టిగా ఆర్టోస్ అయింది. అప్పటికి ఫాంటా లేదు, అది 1940లో జర్మనీలో వచ్చింది. స్ప్రైట్ 1961లో, థమ్సప్ 1977లో వచ్చాయి. వయసులో వీటన్నిటికీ పెద్దది మన గోదావరి సీసా. 1993లో థమ్సప్, లిమ్కా, గోల్డ్‌స్పాట్ కోకాకోలా చేతికి వెళ్లిపోయాయి. ఆర్టోస్ మాత్రం రాజు గారి ఇంటివాళ్ల చేతుల్లోనే నిలబడింది. ఆ నిలబడటం ఎంత కష్టమో చిన్న సరుకు చేసి అమ్ముకునే ఎవరినడిగినా చెబుతారు.

మా చిన్నప్పుడు వేసవి సెలవులంటే ఆర్టోస్ గ్రేపే. గాజుసీసా వెనక్కి ఇచ్చెయ్యాలి కనక కిళ్లీకొట్టు ముందే నిలబడి తాగాలి. మూత తీయగానే ఊదారంగు నురగ సీసా మెడ దాకా పొంగేది. తాగింతర్వాత నాలుకలు చాపి ఎవరిది ఎక్కువ ఊదాగా ఉందో చూసుకునేవాళ్లం. ఆ ద్రాక్ష వాసన నాకు ఇప్పటికీ ముక్కుకు తగులుతూనే ఉంటుంది.

ఇప్పుడు అదే కొట్లో అద్దాల ఫ్రిజ్ ఉంది. ఏదో పెద్ద కంపెనీ ఇచ్చింది, అందులో వాళ్ల సీసాలే పెట్టాలట. ఆర్టోస్ మాత్రం కింద, డబ్బాల పక్కన వెచ్చగా పడి ఉంది. వెచ్చటి డ్రింకు ఎవరు కొంటారు? కొనలేదని కొట్టువాడు తెప్పించడం మానేస్తాడు.

ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వస్తే పండగ చేసుకున్నాం. తాపేశ్వరం కాజా పేరెత్తితే ఛాతీ పొంగుతుంది. అమెరికా వెళ్లే పిల్లల పెట్టెల్లో రెండూ సర్దుతాం. నూరేళ్లు దాటిన ఈ సీసాను మాత్రం మన ఊరి పెళ్లిలోనే చులకన చేస్తున్నాం. శుభలేఖలు పంచేటప్పుడే వంటాయనకు ఒక్కమాట చెప్పండి: రెండు కేసులు ఆర్టోస్, బాగా చల్లగా, వచ్చినవాళ్లందరికీ కనపడేట్టు ముందు వరసలో.