తూటా ఎక్కడ ఆగుతుందో ఆలోచించారా?

అమెరికాలో పెట్రోలు బంకులు, కిరాణా దుకాణాలు నడుపుకుంటున్న తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. పొద్దుపోయేదాకా గల్లాపెట్టె దగ్గర ఉండేవారికి దొంగల భయం సహజం. ఆ భయంతోనే కొందరు పిస్తోలు వెంట ఉంచుకుంటున్నారు. అయితే పిస్తోలు ఎంపికలో చూపే శ్రద్ధ అందులో వేసే తూటాపై చూపకపోవడం ప్రమాదకరం.

లోహపు తొడుగు పూర్తిగా కప్పిన తూటా ఒక మనిషి శరీరాన్ని తొలుచుకుని పోయి వెనుకనున్న మరొకరిని గాయపరచగలదు. కొన బోలుగా ఉండే ‘హాలో పాయింట్’ తూటా శరీరంలో పువ్వులా విచ్చుకుని వేగం కోల్పోతుంది. ఇలా విచ్చుకునే తూటాలు యుద్ధంలో వాడరాదని 1899లో హేగ్ సమావేశం ప్రకటించిన మాట నిజమే. అయినా న్యూయార్క్ పోలీసులు 1998లో వాటికే మొగ్గారు. పాత తూటాలు మనిషిని దాటిపోయి దారినపోయేవారికి తగలడమే అందుకు కారణం.

అలాగని లోతుకు వెళ్లని తూటా వాడినా ముప్పే. 1986లో మయామీ కాల్పుల్లో ఒక తూటా దుండగుని గుండెకు చేరకముందే ఆగిపోయింది. అతడు కాల్పులు సాగించాడు. ఆనాడు ఇద్దరు ఎఫ్.బి.ఐ. అధికారులు బలయ్యారు. దరిమిలా ఆ సంస్థ పరీక్షకు వాడే జిలెటిన్ దిమ్మలో తూటా కనీసం 12 అంగుళాలు పోవాలని, 18 దాటకుంటే మేలని కొలత పెట్టుకుంది.

మంచి తూటా కొన్నంతమాత్రాన బాధ్యత తీరిపోదు. అక్కడి ఇళ్ల లోపలి గోడలు చాలావరకు ఇటుకవి కావు. చెక్క చట్రానికి బిగించిన జిప్సం పలకలు. తూటా వాటిని దాటి పక్కగదిలో నిద్రిస్తున్న బిడ్డను చేరగలదు. బోలు కొనలో ఆ పొడి కూరుకుంటే తూటా విచ్చుకోకపోవచ్చు కూడా. ఇక గురి తప్పిన తూటా సంగతి చెప్పనక్కరలేదు. 2012 ఆగస్టులో ఎంపైర్ స్టేట్ భవనం ముందు ఇద్దరు పోలీసులు ఒక హంతకునిపై 16 సార్లు కాల్చగా దారినపోయే 9 మంది గాయపడ్డారు. శిక్షణ పొందినవారి చేతిలోనే ఇలా జరిగితే, ఏడాదికొకసారైనా సాధన చేయని దుకాణదారు మాటేమిటి?

టెక్సాస్‌లో 2021 నుంచి లైసెన్సు లేకుండానే పిస్తోలు వెంట ఉంచుకోవచ్చు. శిక్షణ తప్పనిసరి కాదు. చట్టం అడగకపోయినా సాధన మానరాదు. విద్యార్థి, ఉద్యోగ వీసాలపై వెళ్లినవారికైతే, వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు తప్ప, అక్కడి కేంద్ర చట్టం తుపాకినే నిషేధించింది. ఈ సంగతి యువకులు గుర్తెరగాలి.

ఫోనులో క్షేమసమాచారాలు అడిగే ఇక్కడి తల్లిదండ్రులు మరో మాట కూడా అడగాలి. ఇంట్లో తుపాకి ఉందా? ఉంటే పిల్లలకు అందకుండా తాళం వేశారా? పెదవి దాటిన మాట పృథివి దాటుతుందంటారు. తూటా అంత దూరం పోనక్కరలేదు. పక్కగది దాకా పోతే చాలు.