గోడను విప్పం, ముడిని కూల్చం

'బిల్డ్' అనే ఇంగ్లిష్ మాటకు వ్యతిరేక పదం ఏమిటి? టక్కున 'డిస్ట్రాయ్' అనేశారా? మీరొక్కరే కాదు, మనలో చాలామందిమి అంతే. గ్రామర్ పుస్తకంలోని వ్యతిరేక పదాలను జంటలు జంటలుగా బట్టీ పట్టినవాళ్లమే కదా! ఆ బట్టీ స్కూలు పరీక్షల దాకా నెట్టుకొస్తుంది. పోటీ పరీక్షలోనూ, రేపు ఉద్యోగంలోనూ కాలు జారేది మాత్రం అక్కడే.

ఎస్ఎస్‌సీ సీజీఎల్ టైర్-1నే తీసుకోండి. ఇంగ్లిష్‌కు 25 ప్రశ్నలు, 50 మార్కులు. తప్పు జవాబుకు అర మార్కు కోత. 'అసెంబుల్'కు వ్యతిరేక పదం అడిగి, ఆప్షన్లలో 'డిస్‌మాంటిల్', 'డిస్పర్స్' రెండూ ఇచ్చారనుకుందాం. విడిగా చూస్తే రెండూ సరైనవే. ఇచ్చిన వాక్యంలో ఉన్నది యంత్రమైతే మొదటిది, జనమైతే రెండోది. వాక్యం చదవకుండా జంట గుర్తుందని టిక్కు పెడితే వచ్చే 2 మార్కులు రావు, ఉన్నదాంట్లోంచి అర మార్కు పోతుంది.

నిజానికి ఈ కిటుకు మనకు పుట్టుకతోనే తెలుసు. ముడి వేస్తాం, విప్పుతాం. గోడ కడతాం, కూలుస్తాం. బోల్టు బిగిస్తాం, ఊడదీస్తాం. ముగ్గు వేస్తాం, చెరిపేస్తాం. 'గోడ విప్పు' అని గానీ, 'ముడి కూల్చు' అని గానీ మూడేళ్ల పిల్లాడు కూడా అనడు. పని తిరగేశాక ఏం మిగులుతుందో మనకు తెలుసు కాబట్టే మాట దానంతటదే వస్తుంది. అదే ప్రశ్న ఇంగ్లిష్‌లోనూ వేసుకోండి: చివరికి ఏం మిగిలింది?

వస్తువు మునుపటిలా మిగిలితే చాలాసార్లు 'అన్' సరిపోతుంది. ఫోల్డ్-అన్‌ఫోల్డ్, రోల్-అన్‌రోల్, ట్విస్ట్-అన్‌ట్విస్ట్. మడత విప్పినా చీర చీరే. వండిన అన్నాన్ని మాత్రం తిరిగి బియ్యం చేయలేం. అందుకే 'కుక్'ను వెనక్కి తిప్పే 'అన్' మాట వాడుకలో లేదు. 'అన్‌కుక్‌డ్' ఉంది కదా అంటారేమో. దానర్థం వండనిది అని మాత్రమే.

భాగాలు భాగాలుగా మిగిలితే 'డిస్‌మాంటిల్'. పాత ఫ్రెంచి నుంచి వచ్చిన ఈ మాటకు మూలార్థం పైనున్న అంగీ తొలగించడం. పనికొచ్చేది ఏమీ మిగలకపోతే 'డిమాలిష్', 'డిస్ట్రాయ్'. విచిత్రం ఏమిటంటే 'కన్‌స్ట్రక్ట్', 'డిస్ట్రాయ్' రెండూ పేర్చడం అనే అర్థమున్న ఒకే లాటిన్ ధాతువు నుంచి పుట్టినవే!

ఇదంతా మార్కుల గొడవే అనుకోకండి. ఐటీఐ, పాలిటెక్నిక్ చదివి కొత్తగా షెడ్డులో అడుగు పెట్టిన కుర్రాడు మీరే అనుకుందాం. మూలనున్న పాత ఇనుప ర్యాకు చూపించి సూపర్‌వైజర్ 'డిస్‌మాంటిల్' అన్నాడు. అంటే నట్లు బోల్టులు జాగ్రత్తగా ఊడదీసి, ముక్కలు మళ్లీ బిగించడానికి వీలుగా విడిగా పెట్టమని. మీకు అది 'డిమాలిష్' లాగా అర్థమై గ్యాస్ కట్టరు అందుకుంటే? ఆ ర్యాకు మళ్లీ లేవదు. తప్పు మాటది, నష్టం మీ పేరు మీద!

దారిలో కొన్ని గోతులూ ఉన్నాయి. ఇనుప చువ్వను 'బెండ్' చేశాక సాపు చేయడం 'స్ట్రెయిటెన్'. 'అన్‌బెండ్' అనే మాట ఉన్నా, ఎక్కువగా మనిషి బిగుసు తగ్గించి మామూలుగా ఉండటానికే వాడతారు. 'టైటెన్'కు వ్యతిరేకం 'లూజెన్'. 'అన్‌లూజెన్' అన్నా వదులు చేయడమే, బిగించడం కాదు. అన్నిటికన్నా పెద్ద గొయ్యి 'రెయిజ్'. పైకి లేపడం, నేలమట్టం చేయడం రెండిటికీ ఉచ్చారణ ఒకటే. స్పెల్లింగ్‌లో ఎస్ ఉంటే లేపడం, జెడ్ ఉంటే కూల్చడం. గడ్డం గీసే రేజర్‌ది కూడా ఈ జెడ్ కుటుంబమే అని గుర్తుంచుకుంటే పొరపాటు పడరు.

అయితే ఇంతకీ ఏం చేయాలి? నోట్‌బుక్‌లో రెండు గడులకు బదులు మూడు గీయండి. మొదటి గడిలో క్రియ, మధ్యలో వస్తువు, మూడోదాంట్లో వ్యతిరేక పదం. అసెంబుల్-యంత్రం-డిస్‌మాంటిల్. అసెంబుల్-జనం-డిస్పర్స్. రోజుకు ఐదు చాలు. పక్కనే తెలుగు మాట కూడా రాసుకోండి: విప్పడమా, ఊడదీయడమా, కూల్చడమా? ఆ తేడా మీకు ఇంట్లోనే అబ్బింది. దాన్ని పరీక్ష హాలు బయట వదిలేసి వెళ్లకండి.