చదివాడు సరే, అర్థమైందా?

ఈ వాక్యం చదవండి: ‘మూడు డిరుములు లింపులో టప్పిళ్లు పోసి జిబికాయి.’ ఇప్పుడు ప్రశ్నలు. డిరుములు ఎన్ని? మూడు. టప్పిళ్లు ఎక్కడ పోశాయి? లింపులో. పోశాక ఏం చేశాయి? జిబికాయి. మూడుకు మూడు మార్కులు! డిరుము అంటే ఏమిటో మీకూ తెలియదు, నాకూ తెలియదు. ఈ వాక్యం కోసం కల్పించిన మాట అది. జవాబు రాయడానికి దాని అర్థంతో పనే పడలేదు.

మన బడుల్లో ‘అవగాహన–ప్రతిస్పందన’ కింద అపరిచిత గద్యం ఇచ్చి అడిగే ప్రశ్నల్లో చాలా వరకు ఈ బాపతువే. ప్రశ్నలో ఉన్న మాటను పేరాలో వెతికి పట్టుకుని, దాని పక్కనున్న ముక్కను దించెయ్యడం పిల్లలు త్వరగానే పసిగడతారు. ఆ సంగతి టీచర్లకూ తెలుసు, పేపర్లు దిద్దేవారికీ తెలుసు. మార్కులు పడుతున్నాయి కాబట్టి ఎవరూ అడగరు.

2005 నుంచి ‘అసర్’ సర్వే బృందాలు పల్లెల్లో ఇంటింటికీ వెళ్లి పిల్లల చేత చదివిస్తున్నాయి. దేశం మొత్తం మీద ఐదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 2018లో 50.5 శాతం, కరోనా తర్వాత 2022లో 42.8 శాతం, 2024లో 48.8 శాతం. ఈ అంకెలు వచ్చినప్పుడల్లా గుండెలు బాదుకుంటాం. తప్పు లేదు. కానీ అక్కడ ప్రధానంగా చూసేది పిల్లవాడు బయటికి చదవగలిగాడా అన్నదే. చదివిన ఆ సగం మందికైనా అర్థమైందా అన్నది ఆ అంకెలో ఉండదు.

1986లో ఫిలిప్ గఫ్, విలియం టన్మర్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక చిన్న లెక్క చెప్పారు. చదివి అర్థం చేసుకోవడంలో రెండు శక్తులున్నాయి. అక్షరాలను గుర్తుపట్టి మాటగా పలకడం మొదటిది. అదే సంగతి ఎవరైనా చెబితే విని గ్రహించడం రెండోది. ఈ రెంటినీ కూడితే కాదు, గుణిస్తే వచ్చేదే చదువరి అవగాహన అన్నారు. ఏ ఒక్కటి సున్నా అయినా ఫలితం సున్నాయే. అక్షరమ్ముక్క రాని మన అమ్మమ్మలు హరికథ విని వచ్చి కర్ణుడి తప్పొప్పుల మీద పొద్దుపోయేదాకా వాదించేవారు. వాళ్లకు రెండో శక్తి నిండుగా ఉంది, మొదటిది లేదు. ఇవాళ మన తరగతి గదుల్లో గడగడా చదివి, ‘ఏం చదివావురా?’ అంటే బిక్కమొహం వేసే పిల్లవాడిది సరిగ్గా తిరగేసిన పరిస్థితి.

మొదటి శక్తి తేలిగ్గా వస్తుందని కాదు. తెలుగు రాసినట్టే పలుకుతాం గానీ, గుణింతాలు, వత్తులు కలిపితే పిల్లవాడు గుర్తుపట్టాల్సిన రూపాలు కొన్ని వందలవుతాయి. మన లిపికి తోబుట్టువైన కన్నడంలో సోనాలీ నాగ్ చేసిన అధ్యయనాల్లో, అక్షరాల మీద పట్టు చిక్కడం నాలుగో తరగతి దాకా సాగుతున్నట్టు తేలింది. అక్షరాలన్నీ వచ్చాక అర్థం సంగతి చూద్దాంలే అని కూర్చుంటే అప్పటికి ప్రాథమిక విద్య అయిపోవస్తుంది. మామూలుగా ఏడో ఎనిమిదో తరగతి వరకు పిల్లలు చదివి గ్రహించేదానికంటే విని గ్రహించేదే ఎక్కువ. అంటే ఈ ఏళ్లన్నీ చెవి ముందు నడవాలి, కన్ను వెనకాల రావాలి. మన బడిలో చెవికి మిగిలిన పని ‘నిశ్శబ్దం’ అన్న కేక వినడం.

వినడానికీ పని ఉంటుందని మనకు తెలియనిది కాదు. చందమామలో బేతాళ కథ ఎలా ముగిసేదో గుర్తు చేసుకోండి. విక్రమార్కుడు శవాన్ని భుజాన వేసుకుని నడుస్తూ కథంతా వింటాడు. చివర బేతాళుడు ఒక చిక్కు ప్రశ్న వేస్తాడు. జవాబు కథలో ఏ వాక్యంలోనూ ఉండదు. మనుషుల తీరునూ న్యాయాన్నీ తూచి విక్రమార్కుడే తేల్చాలి. అతడి జవాబు చదివేలోపు పేజీ మూసి మనమూ ఒకటి అనుకునేవాళ్లం. అవగాహన పరీక్షకు ఇంతకంటే మంచి నమూనా నాకు కనిపించలేదు. రేడియో అన్నయ్య, అక్కయ్యలుగా న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు నడిపిన బాలల కార్యక్రమం కూడా విని ఊరుకునేది కాదు. పిల్లలే మాట్లాడేవారు, పాడేవారు, నాటకాలు వేసేవారు. ఇవాళ్టి పిల్లలు ఫోనులో వినేది తక్కువేమీ కాదు. అడిగేవారే లేరు.

గుణకారం లెక్క అసలు బిగుసుకునేది మాధ్యమం దగ్గర. తెలంగాణ 2022–23లో సర్కారు బడుల్లో ఆంగ్ల మాధ్యమం మొదలుపెట్టింది. ఆంధ్రప్రదేశ్ 2019లో తలపెట్టి కోర్టుల దాకా వెళ్లింది. రెండు చోట్లా ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లిషు ఉండే పుస్తకాలు వచ్చాయి. ఇంగ్లిషు వద్దనడం లేదు, కూలి చేసుకునే తల్లి తన బిడ్డకు అది కావాలంటే కాదనడానికి మనమెవరం? కానీ ఇంట్లో, వీధిలో ఒక్క ఇంగ్లిషు వాక్యం వినని పిల్లవాడికి ఆ భాషలో రెండో అంకె దాదాపు సున్నా. తెలుగు పేజీలో పాఠం చదివి, చెప్పుకుని, వాదించుకుని ఆ తర్వాత ఇంగ్లిషు పేజీకి వెళితే పుస్తకం పనికొస్తుంది. చాలా చోట్ల పరీక్ష ఇంగ్లిషు పేజీలో ఉంది కాబట్టి తెలుగు పేజీ చదవడమే లేదు. ఇంటి భాషకూ బడి భాషకూ ఉన్న ఈ అగాధం కొత్తది కాదు. గిడుగు రామమూర్తి సవర పిల్లల కోసం సవర నేర్చుకుని ఆ భాషలోనే బడులు పెట్టించింది దీన్ని చూసే. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గోండి, కోయ, కొలామి, సవర సహా 8 భాషల్లో మొదలైన బహుభాషా విద్యకూ అదే పునాది.

భాష వచ్చినా చాలదు. ఈ నాలుగు వాక్యాలు చూడండి: ‘చేను కోతకొచ్చింది. రాజయ్య చావిట్లో మంచం వాల్చి పడుకున్నాడు. తెల్లవారుజామున ఉరిమింది. రాజయ్య లేచి తల పట్టుకు కూర్చున్నాడు.’ ఎందుకు? అపార్ట్‌మెంట్‌లో పెరిగిన పిల్లవాడు తప్పు లేకుండా చదివి, ‘తలనొప్పి వచ్చింది’ అనొచ్చు. కూడబలుక్కుని చదివే పల్లె పిల్ల, ‘వానొస్తే వరి పడిపోద్ది కద సార్’ అనేస్తుంది. 1988లో అమెరికాలో రెక్ట్, లెస్లీ 64 మంది విద్యార్థుల చేత ఒక బేస్‌బాల్ ఆట వర్ణన చదివించారు. ఆట తెలియని మంచి చదువరుల కంటే ఆట తెలిసిన బలహీన చదువరులే జరిగింది బాగా చెప్పారు. కాబట్టి తెలుగు వాచకం చదవడం మెరుగుపడాలని సైన్సు, సోషల్ పీరియడ్లు కోసి తెలుగుకు కలపడం కూర్చున్న కొమ్మను నరుక్కోవడమే. లోకం తెలియకపోతే పేరా తెలియదు.

మరి ఏం చెయ్యాలి? ఖర్చయ్యేది కాదు. టీచరు రోజూ ఒక కథో, వార్తో పైకి చదవాలి, పిల్లల స్థాయికి కాస్త పైనున్నదే. మధ్యలో ఆగాలి. తర్వాత ఏమవుతుందో ఊహించమనాలి, అర్థం కాని మాట అడగమనాలి, ప్రశ్న వాళ్లనే తయారు చెయ్యమనాలి, చివర సొంత మాటల్లో చెప్పించాలి. 1984లో పాలింక్సార్, బ్రౌన్ ఏడో తరగతిలో వెనకబడిన పిల్లలతో ఈ నాలుగు పనులే వంతులవారీగా చేయించి మంచి ఫలితం చూశారు. పిల్ల ‘ఆనపకాయ’ అన్నా, ‘అనిగెపుకాయ’ అన్నా, ‘సొరకాయ’ అన్నా సరిదిద్దకుండా విందాం. నోరు నొక్కితే చెవీ మూసుకుంటుంది. ఐదు తరగతులకు ఒక్కరే ఉండే బడిలో ఇదంతా కుదురుతుందా అని అడుగుతారు. నిజానికి అక్కడే ఎక్కువ కుదురుతుంది. ఐదు తరగతులూ కలిసి కూర్చుని చేయగలిగిన పాఠం ఏదైనా ఉందంటే అది కథ వినడమే.

2021 జులైలో కేంద్రం తెచ్చిన నిపుణ్ భారత్ పథకం రెండో తరగతి చివరికి నిమిషానికి 45 నుంచి 60 పదాలు, మూడో తరగతికి కనీసం 60 పదాలు అర్థం చేసుకుంటూ చదవాలని లక్ష్యం పెట్టింది. మౌఖిక భాష గురించీ అందులో రాశారు. తెలంగాణలో 2022 ఆగస్టులో మొదలైన ‘తొలిమెట్టు’ కార్యక్రమానిదీ ఇదే దారి. కానీ తనిఖీకి వచ్చినవారు గడియారం పట్టుకుని కొలవగలిగేది వేగాన్నే కాబట్టి, బడిలోనూ వేగమే మిగిలిపోయే ప్రమాదం ఉంది. నిపుణ్ గడువు 2026–27. నిమిషానికి ఎన్ని పదాలని రాసే గడి పక్కన, ‘కథ విని ఎందుకో చెప్పగలిగిందా’ అన్న గడి ఇంకొకటి గీయించమని రెండు రాష్ట్రాల విద్యాశాఖలకూ మనవి.