పొడుపు వేసినవాడు ఓడిపోవాలి



గత సంవత్సరం మన వార్షికోత్సవాల్లో జరిగిన ట్రెజర్ హంట్‌కు చీటీలు రాసినవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఆరో చీటీ పూర్తిగా నాదే. "నేలతల్లి ఒడిలో పసిపాప నిద్రపోతోంది, లేపినవాడిదే గెలుపు" అని రాసి ఆ రాత్రి మీసం మెలేసుకున్నాను. నా మనసులో ఉన్నది బోటనీ ల్యాబు కిటికీ పక్కన మొలకలు వేసిన మట్టి మూకుడు. తర్వాతి చీటీ దాని కింద పెట్టాను. ఫస్టియర్ కుర్రాళ్లు నలుగురు ఆ మాటలు చదివి, వానాకాలంలో మనం గేటు పక్కన నాటిన మొక్కల దగ్గరకు పరుగెత్తారు. అరగంటలో పదకొండు మొక్కలు వేళ్లతో సహా బయటికొచ్చాయి.

అందరూ వాళ్లను తిట్టారు. సిగ్గులేకుండా నేనూ తిట్టాను. రాత్రి పడుకున్నాక గానీ నాకు బుర్రకెక్కలేదు. నేల అంటే నేలే. పసిపాప అంటే లేత మొక్కే. లేపడమంటే పెకలించడమే. వాళ్లు చెప్పుకున్న అర్థంలో తప్పేముంది? నా మూకుడు సంగతి నాకు తప్ప ఎవరికి తెలుసు? తప్పు చదివినవాళ్లది కాదు, రాసినవాడిది. ఆ రోజు నోరు విప్పి చెప్పలేకపోయిన ఈ మాట ఇప్పుడు ఈ సంచికలో ఒప్పుకుంటున్నాను.

అప్పటినుంచి నన్ను ఒక ప్రశ్న వేధిస్తూ వచ్చింది. పొడుపు వేసేవాడు గెలవాలనుకోవాలా, ఓడిపోవాలనుకోవాలా? ఓడిపోవాలనే అనుకోవాలని నా అభిప్రాయం. కాకపోతే తేలిగ్గా ఓడిపోకూడదు.

ఇది నేను కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. మా కల్లంలో మిరపకాయల రాశి చుట్టూ కూర్చుని తాలుకాయలు ఏరేటప్పుడు నాయనమ్మ పొడుపు కథలు వేసేది. ఎవరూ విప్పలేకపోతే ఆమె సంతోషించేది కాదు. కాసేపు చూసి ఇంకో మాట కలిపేది. అప్పటికీ రాకపోతే "నేనే సరిగ్గా చెప్పలేదేమోరా" అనేది. విడుపు చెప్పగానే మేమంతా "అయ్యో, ఇంతేనా! తట్టలేదే!" అని నెత్తి కొట్టుకునేవాళ్లం. ఆ "అయ్యో"యే మంచి పొడుపుకు ముద్ర. విడుపు విన్నవాడు "ఇదెక్కడి న్యాయం?" అన్నాడంటే ఆ పొడుపు తాలుకాయ కిందే లెక్క.

మన పూర్వులు కూడా దీన్ని ఆషామాషీగా తీసుకోలేదు. దండి తన కావ్యాదర్శంలో పొడుపులకు, అంటే ప్రహేళికలకు, ప్రత్యేకంగా చోటిచ్చాడు. పూర్వాచార్యులు చెప్పిన మంచి ప్రహేళికలు 16 అనీ, దోషాలున్నవి మరో 14 అనీ చెప్పి, దోషాలకు అంతులేదు గనుక మంచివాటినే వివరిస్తానన్నాడు. నా ఆరో చీటీ ఆ అంతులేని పద్దులోకి చేరిందన్నమాట!

సరే, మంచిది ఎలా ఉండాలి? ఒక ఉదాహరణ చూడండి. "అరవై నిమిషాలను దూలానికి వేలాడదీశారు. దెబ్బ పడితే గానీ నోరు విప్పవు." అరవై నిమిషాలంటే గంట. దూలానికి వేలాడుతూ దెబ్బ పడితే మోగేదీ గంటే. కాలం వైపునుంచి వచ్చినా, దూలం వైపునుంచి వచ్చినా చేరేది ఒక్క చోటికే. రెండు దారులూ కలిసినప్పుడు విప్పినవాడికి ఇక అనుమానం ఉండదు. ఎవరి మొక్కలూ పీకనక్కర్లేదు.

కాస్త కష్టమైనది కావాలంటే ఇది చూడండి. "పుస్తకాల ఇంటి ముందు, వాన కోసం ఆకాశం వైపు చూసే నేల తలకట్టు విప్పి కొమ్ము పెట్టుకుంది. మొట్టమొదటి దానిమీద కాలు పెట్టి ఆగు." వానమీద ఆధారపడిన నేల మెట్ట. చివరి అక్షరానికి తలకట్టు తీసి కొమ్ము ఇస్తే మెట్టు. లైబ్రరీ ముందు మొదటి మెట్టు. తలకట్టు అనగానే చదివేవాడి మనసు తలపాగా మీదికీ, కొమ్ము అనగానే ఎద్దు మీదికీ పోతుంది. పోనివ్వండి, కష్టమంతా అక్కడే ఉంది. అబద్ధం మాత్రం ఒక్కటీ లేదు. "మొట్టమొదటి" అనే మాట లేకపోతే మెట్లన్నీ వెతకాలి. అది కష్టం కాదు, చాకిరీ. మన పల్నాడులో "రాయి కింద చూడు" అని రాసి ఊరుకుంటే పిడుగురాళ్ల నుంచి మాచర్ల దాకా తవ్వాల్సిందే కదా!

న్యాయమంటే మాటల్లోనే కాదు, మనుషుల మధ్య కూడా. చదరంగం ఎత్తులమీదా, ఇంగ్లీషు సామెతలమీదా చీటీలు రాస్తే గురజాల పక్క పల్లెనుంచి వచ్చినవాడు చేతులు కట్టుకుని నిలబడతాడు. అన్నీ వ్యవసాయం మాటలే పెడితే నరసరావుపేటలో పుట్టి పెరిగినవాడు నిలబడతాడు. అందరికీ తెలిసిన వస్తువును తీసుకుని దానికి తెలియని ముసుగు వేయాలి. సెల్‌ఫోనులో వెతికితే దొరికేది సమాచారం, పొడుపు కాదు. అలాగే చీకటి పడ్డాక మగపిల్లల హాస్టల్ వెనుక చీటీ దాచితే ఆడపిల్లల జట్లు మొదలుపెట్టకముందే ఓడిపోయినట్టు. అది తెలివికి పెట్టిన పరీక్ష కాదు.

పెద్ద పెద్దవాళ్లకు కూడా ఇది అంత తేలిక కాలేదు. 1979లో ఇంగ్లండులో కిట్ విలియమ్స్ అనే చిత్రకారుడు "మాస్కరేడ్" అనే బొమ్మల పుస్తకం వేసి, బంగారు కుందేలు ఒకటి పాతిపెట్టి, దాని జాడ ఆ బొమ్మల్లోనే దాచాడు. విషువత్తు నాడు మిట్టమధ్యాహ్నం ఒక స్మారక శిలువ నీడ కొస పడే చోటే ఆ జాడ. సూర్యుణ్ణి సాక్షిగా పెట్టుకున్న ఆ ముడి నాకెంతో నచ్చింది. దాన్ని సవ్యంగా విప్పినవాళ్లు ఇద్దరు ఫిజిక్స్ టీచర్లు. కానీ 1982లో కుందేలు వాళ్లకంటే ముందు మరొకరి చేతికి పోయింది. అతను బొమ్మల చిక్కు విప్పి కాదు, లోపలి సమాచారంతో చోటు పట్టుకున్నాడని 1988లో పత్రికలు బయటపెట్టాయి. ఈలోగా జనం ఎక్కడెక్కడో తవ్విపోశారు. ముడి ఎంత గొప్పదైనా జాడ ఒక్క చెవికి చేరితే ఆట చెడుతుంది. చీటీలు రాసినవాళ్ల రూమ్మేట్లు ఆడకూడదనేది అందుకే.

అంత దూరం పోనక్కర్లేదు. గుప్తనిధులున్నాయంటూ పాత గుళ్లలో అర్ధరాత్రి తవ్వకాల వార్తలు మనం చదువుతూనే ఉన్నాం. రాతిమీద చెక్కిన పామును నిధికి గుర్తనుకుంటారు. ఆ పామును చెక్కినవాడు అసలు పొడుపే వేయలేదు! లేని పొడుపుకు విడుపు వెతికితే గుడి కూలుతుంది. నాలుగు దారులున్న పొడుపు వేస్తే మొక్కలు పోతాయి. రెండిటిలోనూ నష్టపోయేది ఆటలో లేనివే.

ఏతావాతా నేను చెప్పవచ్చేదేమంటే, చీటీ రాయడం పరీక్ష పేపరు తయారుచేయడం లాంటిదే. రాసినవాడు తన తెలివి చూపించుకోవడానికి కాదు, చదివేవాడి తెలివి బయటికి రప్పించడానికి రాయాలి. రాశాక ఆట సంగతి తెలియనివాడికి ఇచ్చి చూడాలి. అతను వేరే చోటికి పోతే అతణ్ణి కాదు, చీటీని దిద్దాలి.

ఈ ఏడాది చీటీలు ముందుగా ఎవరికిచ్చి చూడాలో నేను నిర్ణయించుకున్నాను. ఆ నలుగురికే. వాళ్లు ఒప్పుకున్నారు, ఒక షరతు మీద. గేటు పక్కన పదకొండు గుంతలు నేను తవ్వాలట. తవ్వాను. మొక్కలు వాళ్లు పెట్టారు.