ఒకటి రెండు చోట్ల

"ఒకటి రెండు సోట్ల అంటాండారు గదా పాపా, మనూరు ఆ రెండిట్లో ఉందా?"

మా నాయన రుద్రవరం నుంచి ఫోన్ చేసి ఈ ప్రశ్న అడిగినప్పుడు నేను నవ్వాను. హైదరాబాదులో, నైట్ షిఫ్టులో, ఆఫీసు క్యాంటీన్‌లో టీ తాగుతూ. పక్కన కూర్చున్నవాళ్ళకి కూడా చెప్పాను. వాళ్ళూ నవ్వారు. వాతావరణ సూచన గురించి ఎవరైనా అడగ్గలిగిన అతి సూటి ప్రశ్న అదేనని నాకు తెలిసొచ్చింది తెల్లారాకే.

డిసెంబరు మొదటి వారం. మిషన్‌తో వరి కోయించి, తెలుగుగంగ కాలవ వైపు రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉన్నారు. తేమ పదిహేడు శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో తీసుకోరు, వ్యాపారి అయితే ధర కోస్తాడు. అద్దెకి పట్టలు తెచ్చి కప్పాలా, ఇంకో రోజు ఎండనివ్వొచ్చా? ఆయనకి కావలసింది ఆ ఒక్క ముక్క. నేను ఫోన్లో చూశాను. ఆరోజుకి రాయలసీమలో ఒకటి రెండు చోట్ల తేలికపాటి నుంచి మోస్తరు వానలు కురిసే అవకాశం ఉందని ఉంది. టైము రాత్రి తొమ్మిది దాటింది. "తేలికపాటి వానే నాయనా. అదీ ఈరోజుకే. రోజు అయిపోయింది కదా, పడుకో" అన్నాను.

తెల్లవారుజామున మూడింటికి మొదలై గంటన్నర కొట్టింది. మూడో రోజుకి అడుగున ఉన్న వడ్లు మొలకలెత్తాయి. మిగతావి 'రంగు మారిన వడ్లు' అయ్యాయి. ఆ మాటకి మార్కెట్లో అర్థం ఏమిటో వరి పండించే ఇంట్లో ఎవరినైనా అడగండి.

సూచన తప్పలేదు. చదవడం రాక తప్పింది నేను. పీజీ చేసి, పుస్తకాల మీద వ్యాసాలు రాసి, ఒక అనువాదంలో ఒక్క క్రియాపదం మీద ఫేస్‌బుక్‌లో రెండు రోజులు కొట్లాడిన నేను, ఆ వాక్యంలో ఒక్క మాటకీ అర్థం తెలియకుండా మా నాయనకి అర్థం చెప్పాను. తర్వాత కూర్చుని భారత వాతావరణ శాఖ వాళ్ళ నిర్వచనాలు చదివితే కోపం వచ్చింది. కొంత నామీద, ఎక్కువ భాగం ఆ అర్థాలు బయటికి రానివ్వని అలవాటు మీద.

'ఒకటి రెండు చోట్ల' అంటే ఒక చోటో రెండు చోట్లో కాదు. ఆ ప్రాంతంలో వాన కొలిచే కేంద్రాలు ఎన్నున్నాయో వాటిలో ఇరవై అయిదు శాతం దాకా. వంద కేంద్రాలుంటే ఇరవై అయిదు చోట్ల వాన పడినా అది 'ఒకటి రెండే'. 'కొన్ని చోట్ల' అంటే 26 నుంచి 50 శాతం, 'చాలా చోట్ల' అంటే 75 దాకా, ఆ పైన దాదాపు అన్ని చోట్లా. ఇంగ్లిషులోనూ ఇదే తంతు, దాన్నే తెలుగులోకి దించారు. పోనీ ఆ ప్రాంతమైనా చిన్నదా? దేశాన్ని 36 వాతావరణ ఉపవిభాగాలు చేస్తే అందులో రాయలసీమ మొత్తం ఒకటి. మంత్రాలయం, మడకశిర, తిరుపతి, నల్లమల అంచున మా ఊరు, అన్నీ కలిపి ఒక వాక్యం. జిల్లా స్థాయి సూచనలు వేరే ఉంటాయి, నిజమే. కానీ టీవీలో, వాట్సాప్‌లో, మా నాయన చెవి దాకా వచ్చేది మాత్రం ఆ ఒక్క వాక్యమే.

'అవకాశం ఉంది' ఇంకా విచిత్రం. వాతావరణ శాఖ ఇంగ్లిషు బులెటిన్లలో దీనికి మెట్లున్నాయి. 'లైక్లీ' అంటే 25 నుంచి 50 శాతం. 'వెరీ లైక్లీ' అంటే 50 నుంచి 75. 'మోస్ట్ లైక్లీ' అంటే ఆ పైన. తెలుగు వార్తలోకి వచ్చేసరికి మూడూ కలిసి 'అవకాశం ఉంది' అయిపోతాయి. అంటే పడకపోవడానికే ఎక్కువ వీలున్న వాన గురించీ, దాదాపు ఖాయమైన వాన గురించీ మన భాషలో ఒకే మాట. తెలుగుకి మాటలు లేకనా? పడినా పడొచ్చు, పడేటట్టుంది, పడక తప్పదు. మా అవ్వ మబ్బు చూసి ఈ మూడూ మూడు రకాలుగా అనేది.

ఇక 'తేలికపాటి నుంచి మోస్తరు'. ఇరవై నాలుగు గంటల్లో 2.5 మిల్లీమీటర్ల నుంచి 15.5 దాకా పడితే తేలికపాటి. 15.6 నుంచి 64.4 దాకా మోస్తరు. 64.5 నుంచి భారీ, 115.6 నుంచి అతి భారీ, 204.5 దాటితే అత్యంత భారీ. అంటే నేను 'తేలికపాటే' అని కొట్టిపారేసిన మాట ఒక కొసన రోడ్డు తడవని చినుకు, ఇంకో కొసన దానికి పాతిక రెట్ల వాన. ఒక మిల్లీమీటరు వాన ఎకరాకి నాలుగు వేల లీటర్ల పైచిలుకు నీళ్ళు. 64 మిల్లీమీటర్లంటే రెండున్నర లక్షల లీటర్లు దాటుతాయి. అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు యాభైకి పైన తెచ్చి ఎకరంలో కుమ్మరిస్తే, దాని పేరు మోస్తరు. తెలుగులో ఎవరైనా 'ఎలా ఉన్నావు' అంటే 'ఏదో, ఒక మోస్తరు' అంటాం. పెద్దగా పట్టించుకోనక్కర్లేదని చెప్పే మాట అది. చిరపుంజి దాకా కొలవాల్సిన స్కేలు మీద 60 మిల్లీమీటర్లు మధ్యస్థమే కావచ్చు. ఆరబోసిన వడ్ల మీద కాదు.

నన్ను నిజంగా దెబ్బకొట్టింది 'ఈరోజు'. వాళ్ళ రోజు పొద్దున ఎనిమిదిన్నరకి మొదలై మర్నాడు పొద్దున ఎనిమిదిన్నరకి ముగుస్తుంది. తెల్లవారుజామున మూడింటి వాన వాళ్ళ లెక్కలో 'ఈరోజు' వానే. ఇంగ్లిషు బులెటిన్లో ఎప్పటిదాకా చెల్లుతుందో ఉంటుంది. నేను చూసిన తెలుగు వాక్యంలో ఆ ముక్క లేదు. వెతకాలని నాకూ తోచలేదు.

ఇదంతా చెబితే మిత్రులు ఒక మాట అంటారు: "శాతాలూ మిల్లీమీటర్లూ చెబితే పల్లెలో ఎవరికి అర్థమవుతాయి?" ఎరువు బస్తా మీద ఎన్‌పీకే అంకెలు, మందు డబ్బా మీద ఎకరాకి ఎన్ని మిల్లీలీటర్లో, వడ్డీ నూటికి నెలకి ఎంతో, తేమ మీటరులో ఎంత చూపిందో, ఇవన్నీ అర్థమయ్యే మనిషికి వాన అంకె ఒక్కటే అర్థం కాదా? అసలు అర్థం కానిది పల్లెటూళ్ళకే కాదు. 2005లో గెర్డ్ గిగరెంజర్ బృందం న్యూయార్క్, బెర్లిన్, ఆమ్‌స్టర్‌డామ్, మిలాన్, ఏథెన్స్ నగరాల్లో జనాన్ని ఆపి, 'రేపు వానకి 30 శాతం అవకాశం' అంటే ఏమిటని అడిగి ఆ ఫలితాలు అచ్చువేసింది. న్యూయార్క్‌లో మెజారిటీ సరిగ్గా చెప్పారు. యూరపు నగరాల్లో ఎక్కువమంది రేపటి రోజులో 30 శాతం సేపు పడుతుందనో, ఊళ్ళో 30 శాతం జాగాలో పడుతుందనో అనుకున్నారు. ముప్ఫై శాతం దేంట్లోనో చెప్పకపోతే బెర్లిన్‌వాడూ రుద్రవరంవాడూ ఒకటే. చెబితే కూడా ఒకటే. బ్రిటన్‌లో రేడియోలో ఓడలవాళ్ళకి చెప్పే సూచనలో 'త్వరలో' అంటే ఆరు నుంచి పన్నెండు గంటల్లోపు అని ఖరారు. సముద్రం మీద ఉన్నవాడికి ఆ మాట ఎంత బరువో తెలిసి కట్టిన అర్థం అది.

ఇంకో రకం మిత్రులతో పేచీ పెద్దది. వీళ్ళు కార్తెల గురించి రాస్తారు. మృగశిర, ఆరుద్ర, రోహిణిలో పగిలే రోళ్ళు, మన పెద్దల జ్ఞానం, యాప్‌ల కాలంలో పోయిన సొగసు. నేనూ లైకులు కొట్టిన మనిషినే. కానీ కార్తె క్యాలెండరు. సూర్యుడు ఏ నక్షత్రంలో ఉన్నాడో చెబుతుంది, ఈ గురువారం రాత్రి వడ్లు కప్పుకోవాలో వద్దో చెప్పదు. అది చెప్పగలిగింది ఉపగ్రహం, రాడారు, వాటి ముందు కూర్చున్న మనుషులు. వాళ్ళు కష్టపడి తేల్చిన అంకెని మధ్యలో ఎవరో మాటల్లో నానబెట్టి ఇస్తుంటే, మనం దాన్ని పట్టించుకోకుండా కార్తెల మీద కవితలు రాసుకుంటున్నాం.

పెద్దల దగ్గర తీసుకోవాల్సిందేదైనా ఉంటే అది పదును. మా వైపు వానని పదునుతో కొలుస్తారు. దుక్కికి చాలిన పదును, విత్తనానికి చాలిన పదును. నల్లరేగడిలో ఒక లెక్క, ఎర్రనేలలో ఇంకో లెక్క. ఎంత పడింది అని కాకుండా పడింది దేనికి పనికొస్తుంది అని అడిగే కొలత అది. వాతావరణ శాఖ ఈమధ్య రంగులతో చేయబోయింది ఇలాంటిదే. పసుపు అంటే గమనిస్తూ ఉండండి, నారింజ అంటే సిద్ధంగా ఉండండి, ఎరుపు అంటే పని మొదలుపెట్టండి. 'అలర్ట్' అన్నది నారింజ రంగు పేరు. మన చానళ్ళు మాత్రం 'ఎల్లో అలర్ట్' అని అరుస్తాయి. నెలకి పదిసార్లు అరిచాక నారింజకి ఎవరు లేస్తారు?

మాటకి ప్రాణాలు పోయినంత బరువు ఉండదని అనేవాళ్ళు మా ఊరి నుంచి దక్షిణంగా, కడప దాటి చెయ్యేటి దాకా వెళ్ళాలి. అల్పపీడనం, వాయుగుండం, తీవ్ర వాయుగుండం, తుఫాను. ఈ మెట్లన్నీ గాలి వేగానికి కట్టినవి. గంటకి 31 నుంచి 50 కిలోమీటర్లయితే వాయుగుండం, 62 దాటితేనే తుఫాను. వాన ఎంతన్నది ఈ పేర్లలో ఎక్కడా లేదు. 2021 నవంబరు 19 తెల్లవారుజామున పుదుచ్చేరి, చెన్నైల మధ్య తీరం దాటింది వాయుగుండమే, తుఫాను కాదు. అదేరోజు అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగింది. చెయ్యేటి గట్టు ఊళ్ళు మనుషులతో సహా కొట్టుకుపోయాయి. హెచ్చరికలు ఎవరు ఎవరికి చెప్పారన్నది వేరే చర్చ. 'తుఫాను కాదులే, వాయుగుండమే' అని ఇప్పటికీ మనం ఊపిరి పీల్చుకుంటాం చూడండి, నేను దాని గురించి అంటున్నాను.

2016లో వాతావరణ శాఖ తన పదకోశంలోంచి 'కరువు' అన్న మాట తీసేసింది. ఇప్పుడు ఉన్నది 'లోటు వర్షపాత సంవత్సరం'. కరువు ప్రకటించడం రాష్ట్రాల పని, ఒప్పుకుంటాను. అయినా రాయలసీమ రచయితలు తమ సాహిత్యాన్నంతా ఏ మాట చుట్టూ కట్టుకున్నారో ఆ మాట అధికార భాషలోంచి పోయినప్పుడు మనలో ఎంతమందిమి గమనించాం? జిల్లా వర్షపాతం సగటుకి 19 శాతం తగ్గినా, 19 శాతం పెరిగినా 'సాధారణమే'. నాలుగు నెలల వాన నాలుగు రోజుల్లో పడి పోయినా కాగితం మీద సాధారణమే.

మొన్న సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు ఈ లెక్కలన్నీ ఒక కాగితం మీద రాసి గోడకి అంటించాను. నాయన కళ్ళజోడు పెట్టుకుని పైనుంచి కిందికి చదివాడు. మోస్తరు దగ్గర ఆగి, "అరవై నాలుగా!" అన్నాడు. తర్వాత మళ్ళీ మొదటి వరసకి పోయాడు.

"ఈ నూటికి ఇరవై ఐదు సోట్లంటే, వాన కొలిసే గిన్నెలుండే సోట్లేనా?"

"ఆ, అవే."

"మన చేను అడివి పక్క. ఊర్లో పడందే మన చేన్లో పడ్తాది, చేన్లో పడందే ఊర్లో పడ్తాది. ఆ గిన్నె యాడ పెట్టినారో కనుక్కో పాపా."